డి4తో మొదలుపెట్టి ఇరవై ఎత్తుల్లో గెలవడం: నీస్ 1930 గేమ్‌ని బోర్డు మీద నేర్చుకోవడం ఎలా

చదరంగంలో తెల్లపావులతో డి4 (మంత్రి ముందున్న బంటును రెండు గళ్లు తోయడం) ఆడే అలవాటున్న చాలామందిది ఒకటే ఇబ్బంది. మొదటి ఏడెనిమిది ఎత్తులు చకచకా వచ్చేస్తాయి. పావులన్నీ బయటికొస్తాయి, రాజు భద్రంగా మూలకు చేరుతుంది. ఆ తర్వాత ఏం చేయాలో తోచదు. అలాంటివాళ్లకు ఇంకో ఓపెనింగ్ పుస్తకం కొనిపెట్టడం కన్నా ఒక్క గేమ్‌ని చేతులతో కదిపి, ఆగి ఆగి ఆడించడం ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం. దానికి సరిపోయే గేమ్ ఎడ్గార్ కోల్, జాన్ ఓహాన్లన్ 1930లో ఫ్రాన్స్‌లోని నీస్ టోర్నమెంట్‌లో ఆడినది.

కోల్ బెల్జియం ఆటగాడు, గెంట్ నగరవాసి. 1897లో పుట్టారు. ఆ దేశపు చాంపియన్‌షిప్ ఆరుసార్లు గెలిచారు. కడుపులో అల్సర్ ఆయన్ని ఏళ్ల తరబడి పీడించింది, చివరికి ఆపరేషన్ తర్వాత 1932లో, 34 ఏళ్లకే చనిపోయారు. ఓహాన్లన్ ఐర్లండ్ చాంపియన్‌షిప్ పలుమార్లు గెలిచిన మనిషి. అంటే ఎదుట కూర్చున్నది కొత్తగా నేర్చుకుంటున్నవాడు కాదు. ఈ గేమ్‌లో తెల్ల ఆడిన ఆరంభాన్ని ఇప్పుడు కోల్ సిస్టమ్ అనే పిలుస్తున్నాం.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

నిజమైన బోర్డు తీసుకోండి. ఫోన్ వద్దు. ఫోన్‌లో అయితే ఆలోచన పూర్తికాకముందే వేలు తర్వాతి ఎత్తు నొక్కేస్తుంది. ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) కూడా చివరిదాకా తెరవకండి. ఒక నోట్‌బుక్, కింది వరుసల్ని కప్పిపెట్టడానికి ఒక కాగితం ముక్క చాలు. రెండు పూటలు కేటాయించండి. మొదటి పూట పదకొండో ఎత్తు దాకా, రెండో పూట మిగతాది.

ఎత్తులు ఇలా చదవాలి. నిలువు వరుసలకు ఎడమనుంచి ఏ, బి, సి, డి, ఈ, ఎఫ్, జి, హెచ్ అని పేర్లు. తెల్లవైపు నుంచి లెక్కపెడితే అడ్డ వరుసలు 1 నుంచి 8. గడి పేరు ఒక్కటే ఉంటే అది బంటు ఎత్తు. × గుర్తు ఉంటే కొట్టినట్టు, + ఉంటే చెక్. ఎత్తు సంఖ్య తర్వాత మూడు చుక్కలుంటే అది నల్ల ఎత్తు. ప్రతి వరుసలో ముందు తెల్ల, తర్వాత నల్ల.

1. డి4, డి5
2. గుర్రం ఎఫ్3, గుర్రం ఎఫ్6
3. ఈ3, సి5
4. సి3, ఈ6
5. బిషప్ డి3, బిషప్ డి6
6. బి1 గుర్రం డి2, బి8 గుర్రం డి7
7. రాజువైపు క్యాస్లింగ్, రాజువైపు క్యాస్లింగ్
8. ఏనుగు ఈ1, ఏనుగు ఈ8
9. ఈ4, డి×ఈ4
10. గుర్రం×ఈ4, గుర్రం×ఈ4
11. బిషప్×ఈ4, సి×డి4
12. బిషప్×హెచ్7+, రాజు×హెచ్7
13. గుర్రం జి5+, రాజు జి6
14. హెచ్4, ఏనుగు హెచ్8
15. ఏనుగు×ఈ6+, గుర్రం ఎఫ్6
16. హెచ్5+, రాజు హెచ్6
17. ఏనుగు×డి6, మంత్రి ఏ5
18. గుర్రం×ఎఫ్7+, రాజు హెచ్7
19. గుర్రం జి5+, రాజు జి8
20. మంత్రి బి3+, నల్ల ఓటమి ఒప్పుకుంది.

ఒకసారి మొదటినుంచి చివరిదాకా ఆగకుండా ఆడించేయండి. అర్థం కాకపోయినా ఫర్వాలేదు. ఆడిస్తున్నప్పుడు ఒక్క విషయం మాత్రం గమనించండి: తెల్ల మంత్రి డి1 నుంచి ఎప్పుడు కదిలింది? ఇరవయ్యో ఎత్తులో. అదే చివరి ఎత్తు. ఇంత దాడి జరిగితే మంత్రి చివరిదాకా ఇంట్లోనే ఉంది. సి1లోని బిషప్ అయితే అసలు కదలనేలేదు. ఈ గేమ్‌లో నేర్చుకోవాల్సిందంతా ఈ రెండు పావుల చుట్టూనే ఉంది. బిషప్‌ని బలి ఇవ్వడం చూసి అందరూ చప్పట్లు కొడతారు, కానీ బలి ఇవ్వడం ఎవరైనా ఇస్తారు. మంత్రిని అంతసేపు ఆపుకోవడమే కష్టం.

మొదటి అడుగు: ఎనిమిది ఎత్తులు

ఇక్కడ ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు. సి3, డి4, ఈ3 బంట్లు మూడూ కలిసి త్రికోణంగా నిలబడతాయి. బిషప్ డి3లో కూర్చుని హెచ్7 వైపు చూస్తుంది. రెండో గుర్రం డి2కి, రాజు మూలకు, ఏనుగు ఈ1కి. దాదాపు నల్ల ఏం ఆడినా ఈ ఎత్తులే ఆడొచ్చు కాబట్టి కొత్తవాళ్లకు ఇది హాయిగా ఉంటుంది.

‘దాదాపు’ అన్నాను, ఎందుకంటే రెండు చోట్ల ఇది పనిచేయదు. నల్ల తన సి8 బిషప్‌ని ఈ6 ఆడకముందే ఎఫ్5కి తెచ్చేస్తే, మీ డి3 బిషప్ దానితో మార్పిడి అయిపోతుంది, హెచ్7 మీద ఒత్తిడి ఉండదు. అప్పుడు సి3 మానేసి సి4 ఆడండి. అలాగే నల్ల జి6 ఆడి బిషప్‌ని జి7లో పెడితే, డి3 నుంచి హెచ్7 వెళ్లే దారి జి6 బంటు దగ్గరే ఆగిపోతుంది. అక్కడ కోల్ పథకం పట్టుకుని కూర్చుంటే వృథా. ఈ గేమ్‌లో లాగా ఈ6 ఆడి, తన బిషప్‌ని తానే లోపల బంధించుకున్న నల్ల మీదే ఇది బాగా పనిచేస్తుంది.

ఇది పిల్లల ఓపెనింగ్ అని ఎవరైనా తీసిపారేస్తే ఒక మాట గుర్తుపెట్టుకోండి. 2023లో ఆస్తానాలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో డింగ్ లిరెన్ 12వ గేమ్‌లో ఇదే తరహా నిర్మాణంతో దిగి, నెపోమ్నియాషి మీద గెలిచారు.

రెండో అడుగు: ఈ4 ఎప్పుడు తోయాలి

తొమ్మిదో ఎత్తు దగ్గర ఆగండి. నోట్‌బుక్‌లో రెండు లెక్కలు రాయండి. ఈ4 గడిని నల్ల ఎన్ని పావులతో కొట్టగలదు? డి5 బంటు, ఎఫ్6 గుర్రం, మొత్తం రెండు. తెల్ల ఎన్నింటితో కాపాడుతోంది? డి2 గుర్రం, డి3 బిషప్, ఈ1 ఏనుగు, మూడు. మూడు రెండు కన్నా ఎక్కువ కాబట్టి తోయొచ్చు. ఏనుగుని ముందే ఈ1కి ఎందుకు తెచ్చారో ఇప్పుడు తెలుస్తుంది. మన టోర్నీల్లో చాలామంది ఈ ఎనిమిదో ఎత్తు వదిలేసి తొందరగా ఈ4 తోసేస్తారు, తర్వాత ఆ బంటునో గడినో నిలుపుకోలేక అవస్థ పడతారు.

తోసిన తర్వాత బెదిరింపు ఏమిటి? ఇంకో అడుగు వేసి ఈ5కి వస్తే, ఒకే బంటు డి6 బిషప్‌నీ ఎఫ్6 గుర్రాన్నీ పట్టేస్తుంది. అందుకే నల్ల ఊరుకోలేదు, కొట్టింది.

ఇప్పుడు 10, 11 ఎత్తులు నిదానంగా ఆడించి, ప్రతిసారీ ఏ దారి తెరుచుకుందో వేలితో చూపించుకోండి. ఈ4కి ముందు సి1 బిషప్ పరిస్థితి చూడండి: ముందు డి2లో సొంత గుర్రం, ఆ వెనక ఈ3లో సొంత బంటు, గదిలో పెట్టి బయట గడియ వేసినట్టు ఉంది. కోల్ సిస్టమ్‌లో ఆ బిషప్ పనికిరాదని విమర్శించేవాళ్లు ఈ బొమ్మనే చూపిస్తారు. కానీ ఈ3 బంటు ముందుకెళ్లింది, గుర్రం ఈ4లో మార్పిడి అయింది. రెండు ఎత్తుల్లో సి1 నుంచి హెచ్6 దాకా ఐమూల గీత మొత్తం ఖాళీ. డి3 బిషప్ ఈ4కి వచ్చి హెచ్7ని నేరుగా చూస్తోంది. ఈ1 ఏనుగు ముందు సొంత బంటు లేదు. ఒక్క బంటు తోపుతో మూడు పావులకు దారి దొరికింది.

నల్లవైపు పోయింది ఏమిటో కూడా రాయండి. ఎఫ్6 గుర్రం. హెచ్7 బంటుకు రాజు కాక ఉన్న కాపలా అదొక్కటే. ఎనిమిదో ఎత్తులో ఏనుగు ఎఫ్8 వదిలి ఈ8కి వెళ్లింది కాబట్టి ఎఫ్7 బంటుకూ ఇప్పుడు రాజు తప్ప దిక్కులేదు.

మూడో అడుగు: పదకొండో ఎత్తు దగ్గర కాగితం పెట్టి కప్పండి

11... సి×డి4 దాకా ఆడించి ఆపేయండి. నల్ల ఒక బంటు ఎక్కువతో ఉంది. మామూలుగా ఎవరైనా సి3 బంటుతో డి4 కొట్టి ముందుకెళ్తారు. అది తప్పేమీ కాదు, సమానంగా సాగే ఆట వస్తుంది. నల్ల అనుకున్నదీ అదే. సి×డి4 నల్ల తప్పే, కానీ ఆ బోర్డు అవతలి కుర్చీలో కూర్చుని చూస్తే మనకూ ఆ ఎత్తు సహజంగానే కనిపిస్తుంది. డి7 గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చుకుని ఉంటే హెచ్7కి కాపలా తిరిగొచ్చేది, పైగా ఈ4 బిషప్ మీద దాడి కూడా అయ్యేది.

పావుగంట టైమర్ పెట్టుకుని, పావులు కదపకుండా, 12. బిషప్×హెచ్7+ తర్వాత ఏమేం జరగొచ్చో నోట్‌బుక్‌లో రాయండి. ఈ బలికి చదరంగంలో గ్రీక్ గిఫ్ట్ అని పేరు. దీన్ని ఒక ఎత్తుగా చూడకూడదు. నల్లకు ఎన్ని జవాబులున్నాయో అన్ని విడి లెక్కలు.

మొదటిది, బిషప్‌ని కొట్టకుండా రాజు ఎఫ్8కి తప్పుకోవడం. మీ బంటు మీకు వచ్చేసింది, రాజు ముందు గోడ కూలింది. ఒక్క జాగ్రత్త, జి6 తోసి మీ బిషప్‌ని హెచ్7లో ఇరికించే ప్రయత్నం జరగొచ్చు, డి4 కొట్టే ముందు అది చూసుకోండి.

రెండోది, కొట్టి, 13. గుర్రం జి5+ తర్వాత మంత్రితో గుర్రాన్ని కొట్టడం. సి1 బిషప్ మంత్రిని తీసేస్తుంది. మంత్రికి బదులు నల్లకు దక్కేది ఒక బిషప్, ఒక గుర్రం. చాలదు.

మూడోది, రాజు హెచ్6. ఇది సరదాగా ఉంటుంది. 14. గుర్రం×ఎఫ్7+ ఆడితే గుర్రం చెక్ ఇస్తోంది, అది జరిగిన చోటునుంచి సి1 బిషప్ కూడా చెక్ ఇస్తోంది. డబుల్ చెక్ కాబట్టి రాజు కదలాల్సిందే, తర్వాత అదే గుర్రం డి8లో మంత్రిని తీసేస్తుంది.

మిగిలినవాటిలో గట్టిగా లెక్కించాల్సినవి రాజు జి8, రాజు జి6. ఈ రెండింటి మీదే గంట గడిపినా తక్కువే.

నాలుగో అడుగు: జి8 గురించి నిజం తెలుసుకోండి

ఈ గేమ్‌ని ముచ్చటగా చెప్పేవాళ్లలో చాలామంది ఈ భాగం దాటేస్తారు. రాజు జి8కి తిరిగి వెళ్లి ఉంటే కోల్ గెలుపు ఖాయం కాదు.

ఆడించి చూడండి. 13... రాజు జి8. 14. మంత్రి హెచ్5, హెచ్7లోనూ ఎఫ్7లోనూ కొడతానంటోంది. నల్లకు ఇక్కడ రెండు మంచి జవాబులున్నాయి.

ఒకటి, 14... గుర్రం ఈ5. అప్పుడు 15. ఏనుగు×ఈ5, బిషప్×ఈ5. 16. మంత్రి×ఎఫ్7+, రాజు హెచ్8. 17. మంత్రి హెచ్5+, రాజు జి8. 18. మంత్రి ఎఫ్7+, మళ్లీ రాజు హెచ్8. ఇలా చెక్‌ల మీద చెక్‌లు ఇస్తూ డ్రా చేసుకోవచ్చు. ఇంకా ఆశపడి 18. మంత్రి హెచ్7+, ఆపైన హెచ్8+ అని తరిమితే, రాజు ఈ7కి వచ్చాక జి7 బంటును కొట్టలేరు, ఈ5 బిషప్ దాన్ని కాస్తోంది.

రెండోది, 14... మంత్రి ఎఫ్6. అప్పుడు 15. మంత్రి హెచ్7+, రాజు ఎఫ్8. 16. గుర్రం ఈ4, మంత్రినీ డి6 బిషప్‌నీ ఒకేసారి పట్టింది. గెలిచేశాం అనిపిస్తుంది. కానీ 16... మంత్రి ఈ5. 17. సి×డి4 అంటే మంత్రి హెచ్2 బంటును చెక్‌తో కొట్టేస్తుంది. మీ మంత్రి దాన్ని తీస్తే వాళ్ల బిషప్ మీ మంత్రిని చెక్‌తో తీస్తుంది, దాన్ని మీ రాజు తీస్తుంది. లెక్కపెట్టండి: రెండువైపులా రెండు ఏనుగులు, ఒక బిషప్, ఒక గుర్రం, అయిదు బంట్లు. సమానం.

మరి కోల్ తప్పు చేశారా? నా ఉద్దేశంలో లేదు. ఆయన చేతిలో డ్రా ఎలాగూ ఉంది. గడియారం నడుస్తుండగా, మూడు నాలుగు జవాబుల్లో ఓడించేవి ఏవో కాపాడేవి ఏవో నల్లే వెతుక్కోవాలి. జి8 తర్వాత కూడా తడబడే దారులున్నాయి. 14... గుర్రం ఎఫ్6 చూడటానికి సహజంగా ఉంటుంది, కానీ ఎఫ్7 బంటు చెక్‌తో పోతుంది, రాజు హెచ్8కి వెళ్లాక 16. ఏనుగు ఈ4 ఎంత బాగుందో మీరే ఆడించి చూడండి. ఆ ఏనుగుని గుర్రంతో కొడితే నాలుగు ఎత్తుల్లో మేట్ ఉంది.

మీ టోర్నీ గేమ్‌కి దీన్నుంచి తీసుకోవాల్సింది ఇది: బలి ఇచ్చే ముందు, ‘అన్నీ నాకు వ్యతిరేకంగా జరిగితే నాకు మిగిలేది ఏమిటి’ అని చూడండి. డ్రా మిగిలితే ఇచ్చేయండి. సున్నా మిగిలితే ఇంకో అయిదు నిమిషాలు ఆలోచించండి.

అయిదో అడుగు: మంత్రిని ఎందుకు ఆపారు

ఓహాన్లన్ 13... రాజు జి6 ఆడారు. మళ్లీ కాగితం పెట్టండి. మీరైతే ఏం ఆడతారు?

నూటికి తొంభైమంది చెయ్యి మంత్రి మీదికి వెళ్తుంది. 14. మంత్రి డి3+. చెక్ కదా! దానికి నల్ల ఎఫ్5 అని బంటు అడ్డం పెడుతుంది. ఐమూల గీత మూసుకుపోయింది, రాజుకు ఎఫ్6 గడి దొరికింది. మంచి చెక్ ఒకటి ఖర్చయిపోయింది.

కోల్ ఆడింది 14. హెచ్4. చెక్ కూడా కాదు. తర్వాత హెచ్5+ వస్తుందని బెదిరింపు, పనిలోపనిగా జి5 గుర్రానికి ఇంకో కాపలా. నల్ల ఏనుగుని హెచ్8కి తెచ్చింది. హెచ్5 వస్తే కొట్టేద్దామని.

ఇప్పుడు 15. ఏనుగు×ఈ6+. దీని దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. ఏనుగుని ఎఫ్7 బంటుతో కొడితే ఏమవుతుంది? ఆ బంటు ఎఫ్ వరుస వదిలి ఈ6కి వెళ్లిపోతుంది. ఇక ఎఫ్5 అని అడ్డం పెట్టడానికి బంటే లేదు. ఇప్పుడు రావాలి మంత్రి: 16. మంత్రి డి3+, రాజు ఎఫ్6. 17. మంత్రి ఎఫ్3+. రాజు కదలడానికి మూడు దారులు:

రాజు ఈ7కి వెళ్తే 18. మంత్రి ఎఫ్7 మేట్.

రాజు ఈ5కి వెళ్తే 18. గుర్రం ఎఫ్7 మేట్. ఇది బోర్డు మీద పెట్టి రాజు చుట్టూ ఉన్న ఎనిమిది గళ్లూ ఒక్కొక్కటిగా చూసుకోండి, ఎంత ముచ్చటైన మేటో! మూడు గళ్లలో సొంత పావులే అడ్డం.

రాజు జి6కి తిరిగొస్తే 18. మంత్రి ఎఫ్7+, రాజు హెచ్6, 19. గుర్రం×ఈ6+. గుర్రం పక్కకు జరగ్గానే సి1 బిషప్ చెక్. రాజు హెచ్7కి పోతే జి7లో మేట్.

పదహారో ఎత్తులో రాజు ఎఫ్6కి బదులు హెచ్5కో హెచ్6కో వెళ్తే ఏం చేయాలో నేను చెప్పను, అది మీ నోట్‌బుక్‌కి వదిలేస్తున్నాను. హెచ్5కి మాత్రం ఒక సాయం: జి4తో మొదలుపెట్టండి.

ఏనుగుని కొట్టకుండా రాజు ఎఫ్5కి పారిపోతే? 16. జి4 మేట్. ఒక మామూలు బంటుతో.

ఓహాన్లన్ ఇవన్నీ చూసే 15... గుర్రం ఎఫ్6 ఆడి ఉంటారు. మంచి ప్రయత్నమే. కానీ ఆ గుర్రం ఎక్కడ కూర్చుందో చూడండి: ఎఫ్7 బంటుకు సరిగ్గా ముందు. ఎఫ్5 అడ్డుగోడ మళ్లీ పోయింది, ఈసారి బంటు ఉన్నా దాని దారి మూసుకుపోయి. పైగా గుర్రం కూడా కదల్లేదు, కదిలితే ఈ6 ఏనుగు రాజుకు చెక్. అందుకే 16. హెచ్5+. ఏనుగుతో దాన్ని కొడితే 17. మంత్రి డి3+, రాజు హెచ్6, 18. గుర్రం×ఎఫ్7 మేట్. రాజు తప్పించుకునే జి6, హెచ్7 గళ్లు రెండూ డి3 మంత్రి చూపులోనే ఉన్నాయి.

మంత్రి ఇంట్లో కూర్చుని ఏమీ చేయలేదనుకోకండి. ఏ దారి తెరుచుకుంటే ఆ దారిన వస్తానన్న బెదిరింపుతోనే నల్ల ప్రతి జవాబునీ అది చెడగొట్టింది. డి1 నుంచి హెచ్5 బంటును కూడా అదే కాస్తోంది.

ఆరో అడుగు: చివరి నాలుగు ఎత్తులు

16... రాజు హెచ్6 తర్వాత 17. ఏనుగు×డి6. మంత్రితో ఆ ఏనుగుని కొడితే గుర్రం ఎఫ్7కి వచ్చి డబుల్ చెక్ ఇచ్చి డి6లో మంత్రిని తీస్తుంది. నల్ల 17... మంత్రి ఏ5 ఆడింది, అడ్డ వరుస మీదుగా జి5 గుర్రం వైపు గురి. 18. గుర్రం×ఎఫ్7+, రాజు హెచ్7. 19. గుర్రం జి5+, రాజు జి8. ఇక ఏ2 నుంచి జి8 దాకా ఐమూల గీతలో ఎఫ్7 బంటు లేదు. 20. మంత్రి బి3+. రాజు ఎఫ్8కి వెళ్తే మంత్రి ఎఫ్7లో మేట్. అడ్డం పెట్టేవన్నీ పోతాయి. ఓహాన్లన్ రిజైన్ చేశారు.

ఏడో అడుగు: ఇప్పుడు మీ చేతుల్లోకి తెచ్చుకోండి

11... సి×డి4 తర్వాతి బొమ్మను (పావుల అమరికను) బోర్డు మీద పెట్టి, మీ స్థాయి ఆటగాడు ఒకరిని కూర్చోబెట్టుకుని, చెరో పదిహేను నిమిషాలతో ఆడండి. అవతలివాళ్లకు జి8 సంగతి చెప్పొద్దు. తర్వాత రంగులు మార్చి మీరు నల్లతో ఆడండి, ఈసారి జి8కే వెళ్లండి. దాడి చేసేవాడికన్నా కాపాడుకునేవాడికి ఈ బొమ్మ ఎక్కువ నేర్పుతుంది. ఇది చాలామంది కోచ్‌లు చేయించరు, ఎందుకో తెలియదు.

టోర్నీలో కోల్ ఆడి ఈ తరహా బొమ్మ వస్తే, బిషప్‌ని ముట్టుకునే ముందు చూసుకోవాల్సినవి నాలుగు. ఎఫ్6లో నల్ల గుర్రం లేదు కదా? మీ గుర్రం ఒక ఎత్తులో జి5కి రాగలదా? సి1 నుంచి జి5 దాకా గీత ఖాళీగా ఉందా? మంత్రి హెచ్5 లేదా జి4 లేదా డి3 చేరడానికి దారి ఉందా? నాలుగింటికీ అవును అయితేనే ఆ పైన లెక్క. మూడింటికే అవును అయితే చాలాసార్లు ఆ లేని నాలుగోదే కొంప ముంచుతుంది. ముఖ్యంగా సి1 గీతను తేలిగ్గా తీసుకోకండి. డి2లో గుర్రం ఇంకా ఉండగానే బలి ఇచ్చి, రాజు హెచ్6కి రాగానే ఏం చేయాలో తెలియక టెన్షన్ పడేవాళ్లను పిల్లల టోర్నీల్లో తరచూ చూస్తుంటాం.

గంటన్నర టైమ్, ఎత్తుకు ముప్పై సెకన్లు కలిసే గేమ్‌లైతే, మొదటి ఎనిమిది ఎత్తులకు పది నిమిషాలకన్నా ఎక్కువ ఖర్చు పెట్టకండి. మిగిలింది పన్నెండో ఎత్తుకు దాచండి. అక్కడ ఇరవై నిమిషాలు పట్టినా తప్పులేదు. ఎత్తు ముందు బోర్డు మీద ఆడి, తర్వాతే స్కోర్‌షీట్‌లో రాయాలి; ముందు రాసి చూసుకునే అలవాటుంటే మానుకోండి, ఆర్బిటర్ హెచ్చరిస్తారు. లెక్కంతా తలలోనే.

నల్ల పదకొండో ఎత్తులో గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చేస్తే బలి ఆలోచన వదిలేసి బిషప్‌ని సి2కి వెనక్కి తీసుకోండి. అక్కడినుంచి కూడా అది హెచ్7నే చూస్తుంది. సి1 బిషప్‌ని జి5కి తెచ్చి ఆ గుర్రాన్ని కట్టేయడం తర్వాతి పని.

ఇవన్నీ అయ్యాకే ఇంజిన్ తెరవండి. దాన్ని అడగాల్సింది ‘ఎవరు గెలుస్తున్నారు’ అని కాదు. 13... రాజు జి8 తర్వాత, 14. హెచ్4 తర్వాత, 15. ఏనుగు×ఈ6+ తర్వాత, ఈ మూడు చోట్ల అది నల్లకు ఏ ఎత్తు సూచిస్తుందో చూడండి. మీ నోట్‌బుక్‌లో ఆ ఎత్తు లేకపోతే దాన్ని రాసుకుని, ఇంజిన్ ఆపేసి, తెల్లతో ఏం చేయాలో మళ్లీ బోర్డు మీద వెతకండి. 15... ఎఫ్6 అని బంటు అడ్డం పెడితే ఏమవుతుందో మాత్రం ఇంజిన్‌ని అడగొద్దు. ఆ బంటు ఎందుకు ఎఫ్5కి రాలేదో తెలిస్తే జవాబు మీకే దొరుకుతుంది.